మూడు రోజుల పాసు

భరిణె పోయింది.

పదకొండు నలభైకి చూసుకుంటే లేదు. అరచేతిలో పట్టే బంగారు భరిణె. మ్యూజియం రెండో అంతస్తులో, పాతకాలపు అద్దాల బీరువాలో ఉండేది. ఇప్పుడు అక్కడ మఖమల్ గుడ్డ మీద గుండ్రటి గుంట మాత్రం మిగిలింది.

బీరువా తలుపు మూసే ఉంది. తాళం వేసే ఉంది. అద్దానికి చిన్న గీత కూడా పడలేదు.

పన్నెండుకల్లా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్లో ఆయన్ని చాటుగా నస ఇన్‌స్పెక్టర్ అంటారు. అడిగిందే మూడు సార్లు అడుగుతాడు. ఆ పేరు సంగతి ఆయనకీ తెలుసు. అయినా మానడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఇంకెవరి దగ్గర? ఇదిగో, ఈవిడ దగ్గర," అన్నాడు క్యూరేటర్, గార్డు వైపు వేలు చూపిస్తూ.

గార్డు ఏడో నెల గర్భిణి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను ముట్టుకోలేదు సార్. తాళంచెవి పొద్దుట్నుంచీ నా నడుముకే ఉంది."

"అదే నేనూ చెప్పేది," అన్నాడు క్యూరేటర్. "తాళంచెవి లేకుండా ఆ బీరువా తెరుచుకోదు. ఉన్నది ఒక్కటే తాళంచెవి. అది గార్డు దగ్గరుంటుంది. ఇక తేల్చడానికేముంది? నాలుగేళ్ళ కిందట పచ్చ ఉంగరం పోయినప్పుడూ ఇంతే. ఇదే బీరువా. అప్పటి గార్డే తీశాడు. కోర్టులో సాక్ష్యం చెప్పింది నేనే."

"ఉంగరం దొరికిందా?"

"లేదు. ఎక్కడ దాచాడో చెప్పకుండానే జైల్లో పోయాడు."

ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి. బస్సులో మర్చిపోయిన గొడుగు గురించి చెప్పినట్టు చెప్పాడు.

"ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారు?"

"పాసు వాళ్ళు తొమ్మిది మంది. నేను."

ఊరు చూడటానికి వచ్చేవాళ్ళు మ్యూజియం పాసు కొనుక్కుంటారు. మూడు రోజులు చెల్లుతుంది. ఊళ్ళో ఏ మ్యూజియానికైనా వెళ్ళొచ్చు, ప్రతిచోటా పాసు మీద ఒక స్టాంపు వేస్తారు. ఈ మ్యూజియంలో పాసు ఉన్నవాళ్ళకి ఇంకో మర్యాద కూడా ఉంది. పదకొండింటికి క్యూరేటర్ స్వయంగా వెంటపెట్టుకుని తిప్పుతాడు. బీరువా గదిలో పైకప్పు మీది బొమ్మల కథ చెబుతాడు. ఆఖరున తన ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి పాత మ్యాపులు చూపిస్తాడు. మామూలు టికెట్టు వాళ్ళకి ఆ యోగం లేదు.

తొమ్మిది మందినీ కింద హాల్లో కూర్చోబెట్టారు. సోదా చేశారు. ఏమీ దొరకలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మా పాసులు ఇవాళ సాయంత్రంతో అయిపోతాయండీ," అని ఒకాయన లేచాడు. "ఇంకా రెండు మ్యూజియాలు మిగిలిపోయాయి. మమ్మల్ని వదిలేయండి."

"మిగలనివ్వండి," అంది ఆయన భార్య. "మొన్నటి నుంచీ తిప్పి తిప్పి నా కాళ్ళరగదీశారు. మీ మ్యూజియాలన్నిటికన్నా నాకీ కుర్చీయే బాగుంది."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. అందరి పాసులూ అడిగి తీసుకున్నాడు. తేదీలు సరిగ్గానే ఉన్నాయని కానిస్టేబుల్ అంతకుముందే చూసి చెప్పాడు. అయినా మళ్ళీ చూశాడు.

మూలన ముదురాకుపచ్చ కోటులో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి.

"ఒక్కరే వచ్చారా అమ్మా?"

"ఒక్కదాన్నే."

"ఊరు చూడ్డానికేనా?"

"అవును."

"మీ పాసు కూడా ఇవాళ్టితో అయిపోతుంది. తొందర లేదా?"

"లేదు."

పాసు తిరిగిచ్చేశాడు. తొందర లేదా అని మళ్ళీ అడిగాడు. లేదని ఆవిడ మళ్ళీ చెప్పింది.

తర్వాత స్టేషన్‌కి ఫోన్ చేసి, నాలుగేళ్ళ నాటి కేసు ఫైలు పంపమన్నాడు. క్యూరేటర్ వైపు తిరిగాడు.

"గదులన్నీ వెతకాలి. మీది కూడా."

"నా గదా?" క్యూరేటర్ మొహం కందగడ్డయింది. "కిందటిసారి గార్డుల పెట్టెలు వెతికి ఊరుకున్నారు."

"కిందటిసారి వచ్చింది నేను కాదు."

ఒంటిగంటకి భరిణె దొరికింది. క్యూరేటర్ ఆఫీసులో, మ్యాపుల పక్కన, లావుపాటి పుస్తకాల వెనక.

క్యూరేటర్ ఒక్క అంగలో అల్మరా దగ్గరికొచ్చాడు.

"ఎవరో పెట్టారు. నన్ను ఇరికించాలని పెట్టారు."

"పెట్టి ఉండొచ్చు. ఎందుకైనా మంచిది, మీ ఇల్లు కూడా చూస్తాం. వారెంటు తెప్పిస్తున్నాను."

"ఇల్లెందుకు?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు.

"ఇల్లెందుకండీ? వస్తువు దొరికిందిగా. ఇంకా ఇల్లెందుకు?"

నసలో ఇన్‌స్పెక్టర్‌కి మొదటిసారి పోటీ దొరికింది.

మూడున్నరకి క్యూరేటర్ ఇంటి నుంచి ఇంకో కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్ విన్నాడు, పెట్టేశాడు. గార్డునీ, తొమ్మిది మందినీ, క్యూరేటర్‌నీ బీరువా గదిలోకి రమ్మన్నాడు. గార్డుకి కుర్చీ వేయించాడు.

"భరిణె మీరు తియ్యలేదు సార్," అన్నాడు క్యూరేటర్‌తో.

"నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే."

"ఈ అమ్మాయీ తియ్యలేదు. ఇటు చూడండి."

బీరువా తలుపుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కొంచెం పైకెత్తి తన వైపు లాగాడు. తలుపు వచ్చేసింది. తాళం నాలిక బయటికి చాచినట్టే ఉంది. మళ్ళీ ఎత్తి మూశాడు. ఎప్పటిలాగే ఉంది.

"పాత గార్డు కోర్టులో చెప్పింది ఇదే, ఫైల్లో ఉంది. తలుపు ఎత్తితే వచ్చేస్తుంది, క్యూరేటర్ గారికి ముందే చెప్పాను అన్నాడు. నాకెవరూ చెప్పలేదని మీరన్నారు. ఈ బీరువా కూడా ప్రదర్శన వస్తువే కదా, ఎవరూ చెయ్యి వేయకూడదు. అందుకని ఎత్తి చూసిన వాడు లేడు. ఆ మాట నిజమని తెలిసిన వాళ్ళు ఇద్దరే, మీరూ, ఆ గార్డూ. గార్డు పోయాడు. కానీ ఆయన ఇంటికెళ్ళి చెప్పుకోకుండా ఉంటాడా?"

ఆకుపచ్చ కోటు ఆవిడ కదల్లేదు.

"పాసు కొన్నవాడు డబ్బులు గిట్టాలని పరిగెత్తుతాడు. వీళ్ళ పాసుల మీద స్టాంపు వేయడానికి చోటు లేదు. మీ పాసుకి ఇది మూడో రోజమ్మా. ఒక్కటే స్టాంపుంది. ఈ మ్యూజియందే. తేదీ అందరూ చూశారు, స్టాంపులు ఎవరూ లెక్కపెట్టలేదు. మీకు ఊరక్కర్లేదు. పాసు ఉంటేనే ఈయన ఆఫీసులో కాలు పెట్టగలరు, అందుకు కొన్నారు. రెండు రోజులు బయట నిలబడి ధైర్యం కూడగట్టుకుని ఉంటారు. ఇవాళ అందరూ తలలెత్తి పైకప్పు చూస్తున్నప్పుడు మీరు తలుపెత్తారు."

"ఆ కథ రోజూ అదే," అంది ఆవిడ. "వీడు ఎక్కడ తల పైకెత్తమంటాడో మా ఆయన నాకు ఇంట్లో ఆడి చూపించేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం."

"చూశారా, ఈవిడ దొంగ," అన్నాడు క్యూరేటర్. "పట్టుకోండి."

"పట్టుకుంటాను. ముందు మీ సంగతి. పచ్చ ఉంగరం మీ షేవింగ్ పెట్టె అడుగున దొరికింది."

క్యూరేటర్ గది గుమ్మం వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ ఆవిడ దగ్గరికి వచ్చాడు. "ఉంగరం ఇతని దగ్గరే ఉందని మీకు ముందే తెలుసా?"

"తెలీదు."

"మరి?"

"వాడు అబద్ధం చెప్పాడని తెలుసు. అంతవరకే. నా మొగుణ్ణి దొంగని చేశాడు, నా కూతురు బడి మానేసింది. దొంగ కూతురన్నారు దాన్ని. వీణ్ణి కూడా దొంగ అనిపించాలని వచ్చాను. దొంగ కాకపోయినా సరే అనిపించాలనుకున్నాను. నా కడుపుమంట అలాంటిది."

"ఈ అమ్మాయి జైలుకి పోయేది కదమ్మా. కడుపుతో ఉంది."

ఆవిడ మొదటిసారి తల దించుకుంది. గార్డు వైపు తిరిగింది.

"నీ గురించి ఆలోచించలేదమ్మా. వాడు మళ్ళీ గార్డు మీదికే తోస్తాడని నాకే ముందు తట్టాలి. తట్టలేదు. తప్పు నాదే."

గార్డు నడుముకున్న తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది.

కానిస్టేబుల్ క్యూరేటర్‌కి బేడీలు వేశాడు. వెనక వైపు నుంచి తీసుకెళ్ళమని క్యూరేటర్ గొణిగాడు. కింద గార్డులందరూ మెట్ల పక్కన నిలబడి ఉన్నారు మరి.

"మీరూ రావాలమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "భరిణె తీసింది మీరే కదా."

"వస్తాను. బేడీలు కూడా వేసుకుంటాను. వాడు ముందు నడవాలి. మా ఆయన్ని ముందు గుమ్మంలోంచే తీసుకెళ్ళారు. వీడు మెట్ల మీద నించుని చూశాడు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. "ముందు గుమ్మం. మెల్లగా నడిపించు."

క్యూరేటర్ మెట్లు దిగాడు. గార్డుల మధ్య నుంచి వెళ్ళాడు. ఒక్కరూ సెల్యూట్ కొట్టలేదు. ఆవిడ మెట్ల మీద నిలబడి, అతను వీధిలోకి వెళ్ళి జీపెక్కే దాకా కళ్ళార్పకుండా చూసింది.

అప్పుడు రెండు చేతులూ ఇన్‌స్పెక్టర్ ముందు చాచింది.

"అయింది. పదండి."