పన్నెండు తలలు

"పోయినోన్ని పోయినట్టే తెచ్చి నీ గడపల దించుత బిడ్డా, ఫికర్ చెయ్యకు."

ముప్పై ఎనిమిదేళ్ల కిందట, గుడిమల్కాపూర్ మార్కెట్ వెనక సందులో నిలబడి బాబూమియా సుందరమ్మకిచ్చిన మాట అది. సినిమాలకు జనాన్ని సప్లై చేసేవాడు బాబూమియా. ఆమె భర్త ఇశ్రాయేలు సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆదివారం సెలవు. హుస్సేనీ ఆలంలో నవాబుల కాలంనాటి ఒక పాత దేవిడీ బంగళా నేలమాళిగలో, రాబోయే కాలం గురించి సైన్సు సినిమా ఏదో తీస్తున్నారు. వెండి రంగు బట్టలు వేసుకుని, ముఖానికి ముసుగు తగిలించుకుని యంత్రం ముందు నిలబడాలి. అంతే పని.

సాయంత్రం వ్యాను వచ్చింది. మనిషి దిగాడు. అన్నాల వేళకే సుందరమ్మకు తెలిసిపోయింది, దిగినవాడు తన మనిషి కాదని.

ఇశ్రాయేలు ఏ షిఫ్టు నుంచి వచ్చినా, చెప్పులు విప్పకముందే "తిన్నవా సుందరీ" అని అడిగేవాడు. వచ్చినవాడు ముప్పై ఏడేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ముఖం అదే, నుదుటి మీద మచ్చ అదే, సంతకం అదే. పాస్టరుకు చెప్పుకుంది, పోలీసులకు చెప్పుకుంది, కన్నకొడుక్కు చెప్పుకుంది. పిచ్చిదన్నారు. పేదదాని సాక్ష్యానికి ఈ దేశం పెట్టిన పేరు అదొక్కటే.

పోయినేడు వాడు చచ్చాడు. ఇప్పుడు ఆమె మంచం పట్టింది. సమాధుల తోటలో జాగా లేక, మొగుడూ పెళ్లాలకు ఒకటే గుంట అని చర్చి సంఘం కమిటీ పద్ధతి పెట్టింది. పాత గుంట తవ్వి, ఒకరి మీద ఒకరిని దించుతారు.

"ఆనితోని బతికిన," అంది సుందరమ్మ, మనవడు అంజన్ చెయ్యి పట్టుకుని. "మన్నుల గూడ ఆనితోనే పండబెట్టకు బిడ్డా."

రుజువు తెస్తేనే వేరే గుంట అన్నారు కమిటీ పెద్దలు. ప్రతి ధర్నాలో ముందు వరసలో నిలబడేవాడు అంజన్. మౌనం కూడా నేరమేనని యూనివర్సిటీ గోడల మీద రాసినవాడు. తెస్తానన్నాడు.

ఆ సినిమాకు ఇప్పటికీ అభిమానులున్నారు. వాళ్లను షూటింగ్ జరిగిన చోట్లకు తిప్పి చూపిస్తుంది బార్కస్ బస్తీ పిల్ల ఉమ్మే హానీ. సినిమాలోని బొమ్మను ఫోనులో పెట్టుకుని, అదే గోడకూ అదే స్తంభానికీ సరిపోయేలా పట్టి ఫొటో తీసుకుంటారు. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు ఆమె అంజన్‌ను దేవిడీకి తీసుకెళ్లింది.

దేవిడీకి ఇప్పుడు కాపలా బాబూమియానే, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. వయసు ఎనభై దాటింది. ఈయన సినిమా కోసం రాలేదు చాచా, లొల్లి కోసం వచ్చిండని హానీ నవ్వింది.

"లొల్లి పైన చేస్కో బాపు," అన్నాడు ముసలాయన. "కింద చెయ్యకు."

ఇశ్రాయేలు పేరు చెప్పగానే ఆయన చూపు నేలకు దిగింది. ఆరోజు జనరేటర్ ఆగిందట. చీకట్లో అంతా మెట్లెక్కి పరిగెత్తారట. డైరెక్టరు 'ప్యాకప్' అని షూటింగ్ ముగించకుండానే పారిపోయాడట.

"గుమ్మం కాడ నిలబడి తలలు లెక్కపెట్టిన. పన్నెండు. సరిపోయింది, తాళమేసిన. ముసుగులు తియ్యుమనలే బాపు. జనాన్ని సప్లై చేసేటోనికి తలకాయలే లెక్క... ముఖాలు కాదు."

మెట్లు ఇరవై రెండు. దిగే కొద్దీ ఎండ పలచబడింది. గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన. ఆ కింద మరో వాసన... కాలిన వైరుది. ముప్పై ఎనిమిదేళ్లుగా కరెంటు లేని చోట.

నేల మీద తెల్ల రంగుతో గీసిన గుండ్రాలు కనిపించాయి. ఎవరి గుండ్రంలో వాళ్లు నిలబడాలి. ప్యాకప్ అనేదాకా దాటొద్దు. జూనియర్ ఆర్టిస్టుల కట్టుబాటు అది. హానీ ఫోను పైకెత్తి, బొమ్మను స్తంభానికి సరిచూసింది. బొమ్మలో పన్నెండు మంది, వీపులు ఇటు. మూడోవాడు ఇశ్రాయేలని బాబూమియా పైనే చెప్పాడు.

అంజన్ మూడో గుండ్రం దాకా వెళ్లాడు. మిగతా వాటి మీద వేలెడు మందం దుమ్ముంది.

దీని మీద లేదు.

రెండు పాదాలంత మేర... నున్నగా ఉంది.

పక్కనే వెండి గుడ్డ గరగరలాడింది. హానీ ఫోను వెలుతురు అటు తిప్పింది. ఉత్త గోడ.

"ప్యాకప్... అన్నరా?"

పడుచు గొంతు. అలసిన గొంతు.

అంజన్ చెయ్యి చాపాడు. వేళ్లు తగిలాయి. గట్టి వేళ్లు, ఫిట్టర్ వేళ్లు. చల్లగా లేవు. వెచ్చగా ఉన్నాయి. లాగాడు. గుండ్రం అంచు దాకా వచ్చి... ఆగిపోయాయి.

"సుందరి... తిన్నదా?"

ఒక్క మాట అంటే చాలు. ప్యాకప్. ఎన్ని చౌరస్తాల్లో ఎంత గట్టిగా అరిచిన గొంతు అది. లేవలేదు.

"అన్నా..." హానీ గుసగుసలాడింది. "నాగ్గూడ ఇనబడ్డది. పోదాం."

అంజన్ చెయ్యి వదిలేశాడు.

పరిగెత్తాడు.

పైన బాబూమియా నేల చూపులతోనే "ఏక్... దో" అని లెక్కపెట్టి తలుపేశాడు.

సుందరమ్మ అంతా విన్నది. ఏడవలేదు. ముఖం మీదికి ఒక్క క్షణం పెళ్లినాటి కళ వచ్చింది.

"తిన్నదని చెప్పినవా?"

"చెప్పలే నానమ్మా."

ఆమె గోడవైపు తిరిగింది. ఆ పూట నుంచి మెతుకు ముట్టలేదు. మర్నాడు అంజన్ దేవిడీకి పరిగెత్తితే, దాని ఓనరు అప్పటికే తాళం మార్చేశాడు. పిచ్చి నీకూ అంటిందా అన్నాడు. కమిటీ పెద్దలూ అదే మాటన్నారు. హానీ సాక్ష్యం వాళ్లకు ఆనలేదు. ఐదోరోజు సుందరమ్మ పోయింది.

కాటిపని చేసే గుండయ్య పాత గుంట తవ్వాడు. అంజన్ అడ్డం పడుకుంటే నలుగురు పట్టి లేపారు.

ఆ రాత్రి అంజన్ ఓనరుకూ, సినిమా కంపెనీకీ, సంఘం కమిటీకీ ఒకే ఉత్తరం రాశాడు. నినాదాలేవీ రాయలేదు. గుండయ్య కళ్లారా చూసి చెప్పిందే రాశాడు.

"పోయినేడు పూడ్చిన పెట్టె తేలిగ్గా లేచింది. మేకులు తుప్పు పట్టి, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మూత తీస్తే లోపల ఎవరూ లేరు. కప్పిన తెల్ల దుప్పటి నిన్న ఉతికినట్టుంది, నాలుగు మడతలు పెట్టి ఉంది. మీ పెద్దలు చూసి మళ్లీ మూతేశారు. దాని మీదే మా నానమ్మను దించారు. ఆ దుప్పటి మడిచింది ఎవరు? మడిచినవాడు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాడు? 2026 ఫిబ్రవరి 28 లోగా జవాబు చెప్పండి."