పైపైన దువ్విన జుట్టు

పొద్దున ఆరున్నర. వంటగట్టు మీద పిండి తూచే కాటా పెట్టి, కుక్కపిల్లల్ని ఒక్కొక్కటిగా ఎక్కించి దించుతోంది లెక్చరరమ్మ. ఆ వంశంలో డిగ్రీ చేతికందుకున్న మొదటి మనిషి ఆమె. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం వచ్చిన రోజున వాళ్ళమ్మ ముద్దుగా పెట్టిన పేరు అది. ఆ తర్వాత కోపంలోనూ అదే పిలుపైంది.

నాలుగు పిల్లలు, మెడల్లో నాలుగు రంగుల దారాలు. పచ్చదారం ఎనిమిది వందల పది గ్రాములు. నీలిదారం ఎనిమిది వందల నలభై. పసుపుదారం కాటా మీదే నిద్రపోయింది. చివరికి ఎర్రదారం. పుట్టిన రోజున నాన్న పిడికిట్లో పట్టేసిందని ఇంట్లో అందరూ దాన్ని పిడికెడు అంటారు. కాటా మీద అంకె నాలుగు వందల అరవై దగ్గర ఆగింది. నిన్నా అంతే, మొన్నా అంతే.

"ఎక్కలేదా?" అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"లేదు. తల్లే వద్దనుకుంటోంది. ఇది దగ్గరికెళ్తే చాలు, గుర్రుమంటోంది."

తల్లి కుక్క పేరు ఉన్ని. సగం పూడిల్, సగం స్పానియల్. తేనెరంగు జుట్టు ఒంటినిండా ఉంగరాలు తిరిగి, మేఘానికి నాలుగు కాళ్ళు మొలిచినట్టుంటుంది. ఈ జాతి జుట్టు రాలదు, సోఫాలకి అంటుకోదు. అందుకే లెక్చరరమ్మ దాన్ని ఏరికోరి తెచ్చుకుంది. రోజూ పది నిమిషాలు తనే బ్రష్ పెట్టి దువ్వుతుంది. ఫోటోలు తీస్తుంది. కాలేజీలో వాటిని చూడనివాళ్ళు లేరు.

నాన్న మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి ఉన్ని పక్కన కూర్చున్నాడు.

"రాలని జుట్టు ఎక్కడికి పోతుందమ్మా? లోపలే ఉంటుంది కదా. నన్నోసారి చూడనీ."

"వద్దు నాన్నా. నువ్వు ముట్టుకోకు."

"చూడ్డమే."

"నీ చూడ్డం నాకు తెలుసు. చూస్తూ చూస్తూ ఆ రేకుపెట్టె తెరుస్తావు."

మంచం కింద ఉన్న ఆ రేకుపెట్టె అంటేనే ఆమెకి మంట. అందులో రెండు కత్తెరలు, నాలుగు దువ్వెనలు, ఒక చేతి మిషను, ఒక కరెంటు మిషను. ముప్పై ఎనిమిదేళ్ళు నాన్న నడిపిన కటింగ్ షాపులో మిగిలింది అంతే. ఎనిమిది నెలల క్రితం పట్టుబట్టి ఆ షాపు మూయించి, అమ్మానాన్నలిద్దరినీ తన ఫ్లాటుకి తెచ్చుకుంది. నీ మోకాళ్ళ కోసమే అని చెప్పింది. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం కాలేజీలో ఉంది. మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే ఆమె వ్యాపారం అనేది. ఏం వ్యాపారమో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

పెట్టె ఎవరికైనా ఇచ్చెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా నాన్న ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే మిషన్లు తుడిచి, రెండు చుక్కలు నూనె వేసి మళ్ళీ లోపల పెడతాడు. పని లేని మిషనుకి నూనెందుకు అని ఆమె విసుక్కుంటే, పని లేదనే కదా తుప్పు పట్టేది అంటాడు.

చెప్పులేసుకుంటూ ఇద్దరికీ కలిపి హుకుం జారీ చేసింది.

"సాయంత్రం ఐదున్నరకి మా హెడ్ మేడం వస్తున్నారు. పిల్లల్ని చూసి ఒకదాన్ని ఎంచుకుంటారు. ఉన్నిని దువ్వేశాను. తళతళలాడుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. విన్నావా నాన్నా?"

నాన్న పిడికెడు నోట్లో తన చిటికెనవేలు పెట్టి చూస్తున్నాడు.

* * *

నాలుగున్నరకి తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే ఆమెకి కనిపించింది ఒక బక్క జంతువు. గులాబీరంగు చర్మం, నాలుగు పుల్లల్లాంటి కాళ్ళు, పెద్ద చెవులు. తోక ఊపుతూ ఎదురొచ్చింది. అది ఉన్ని అని పోల్చుకోవడానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది.

పుస్తకాల సంచి చేతిలోంచి జారిపోయింది.

"నాన్నా!"

నాన్న బాల్కనీలో పీట మీద కూర్చుని మిషను తుడుస్తున్నాడు. ఆ మిషను చూసేసరికి ఆమె ఒంటికాలి మీద లేచింది.

"ఏం చేశావు? ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? గంటలో మనిషి వస్తుంటే దీనికి గుండు చేసి కూర్చోబెడతావా?"

"ముందు కాసిని నీళ్ళు తాగమ్మా," అంది అమ్మ.

"నాకు నీళ్ళొద్దు! నువ్వెందుకు ఆపలేదు?"

"ఆపడమా? కుక్క కదలకుండా పట్టుకుంది నేనే."

"అంటే ఇద్దరూ కలిసే చేశారా! ఈ ఇంట్లో నా మాటకి విలువే లేదు. రెండేళ్ళు పెంచాను ఆ జుట్టు, రెండేళ్ళు! ఇప్పుడు మేడం ముందు దీన్నెలా నిలబెట్టను? ఎవరు చేశారని అడిగితే ఏం చెప్పను?"

"మా నాన్న అని చెప్పు," అన్నాడు నాన్న, మిషను మీంచి కళ్ళెత్తకుండా.

"ఎలా చెప్తాను! కత్తెర పట్టే రోజులు అయిపోయాయని నీకెన్నిసార్లు చెప్పాలి? ఎవరి తల దొరక్కపోతే కుక్క తలా? చేతులు దురద పెడితే గోడకి రుద్దుకో. నా కుక్క జోలికి..."

నాన్న మిషను కింద పెట్టాడు. కొట్టినట్టు పెట్టలేదు, మెల్లగానే పెట్టాడు. కానీ అమ్మ మాత్రం అయ్యో అన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మెల్లదనం ఆవిడ రెండుసార్లే చూసింది.

"అయిపోయిందా?" అన్నాడు. "ఇంకేమైనా ఉంటే అనేసెయ్. తర్వాత నా వంతు."

నాన్న తన మీద గొంతెత్తగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు కూడా ఎత్తలేదు. అదే భయపెట్టింది.

పీట పక్కన పాత పేపరు మీద ఉన్న తేనెరంగు ముద్దని ఆయన రెండు చేతులతో ఎత్తి ఆమె ముందు పరిచాడు. కత్తిరించిన జుట్టు పోగులు పోగులుగా ఉండాలి. ఇది పోగులుగా లేదు. బొంతలా ఒకే ముక్కగా ఉంది. పైవైపు మెరిసే ఉంగరాలు, రోజూ ఆమె దువ్విన ఉంగరాలే. తిప్పి చూపించాడు. లోపలివైపు అట్టకట్టి, చెప్పు అడుగులా గట్టిగా ఉంది.

"చెయ్యి పెట్టి చూడు. వేలు దూరుతుందేమో."

దూరలేదు.

"నువ్వు దువ్వింది ఇదిగో, ఈ పైన వేలెడు మందం. దీని కింద జుట్టు జుట్టుతో పెనవేసుకుని చర్మాన్ని పట్టి లాగుతోంది. అది నడిచినప్పుడల్లా లాగుతోంది. నోరుంటే తిట్టేది నిన్ను. నోరు లేదు కాబట్టి ఫోటోలకి నిలబడింది."

"పైన పటారం, లోన లొటారం," అని అమ్మ గొణిగింది.

"నువ్వాగు," అన్నాడు నాన్న. తర్వాత ఉన్నిని దగ్గరికి పిలిచి పక్కకి పడుకోబెట్టాడు. "ఇటు రా. మోకాళ్ళ మీద కూర్చో. చీర నలిగితే నలగనీ."

ఆమె కూర్చుంది. వెనక కాళ్ళ మధ్య రెండు చనుమొనలు ఎర్రగా వాచి ఉన్నాయి. చుట్టూ చర్మం కందిపోయింది.

"ముందువైపువి మూడు పిల్లలూ పట్టేసుకుంటాయి. బలం ఉన్నవి కదా. చిన్నదానికి మిగిలినవి ఈ రెండే. వీటి మీద ఇంత మందాన జుట్టు అట్టకట్టి ఉంది. పాపం అది ఇన్నాళ్ళూ జుట్టు చీకింది. పాలు లోపలే నిలిచిపోయి గడ్డకట్టాయి. అది నోరు పెడితే తల్లికి ప్రాణం పోయేంత నొప్పి, అందుకే గుర్రుమంది. తల్లి వద్దనుకోవడం కాదు. ఏ తల్లీ ఊరికే వద్దనుకోదు."

ఉన్ని తల నిమిరాడు.

"డాక్టరుకి ఫోన్ చేశాను," అంది అమ్మ. "వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టమన్నాడు. రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నాడు. ఇంకో రెండు రోజులు ఇలాగే వదిలేస్తే పిల్ల దక్కేది కాదట."

గుడ్డలో చుట్టి ఉన్న పిడికెడుని నాన్న తెచ్చి ఉన్ని పొట్ట దగ్గర పెట్టాడు. వాచిన చోటికి కాకుండా ముందువైపుకి. పిల్ల ముక్కుతో వెతికింది, పట్టుకుంది. ముందు కాళ్ళతో పొట్టని నొక్కుతూ తాగడం మొదలుపెట్టింది. ఉన్ని గుర్రుమనలేదు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

పిల్లలు పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఈ పిల్ల ఇలా గుక్కలు వేసి తాగే చప్పుడు లెక్చరరమ్మ ఇంతవరకూ వినలేదు.

"నాకు తెలీదు నాన్నా," అంది.

"నాకొక అనుమానం," అన్నాడు ఆయన. కోపం ఇంకా గొంతులో అలాగే ఉంది. "నెల క్రితం డాక్టరు చెప్పినవన్నీ రాసుకొచ్చి ఫ్రిజ్‌కి అంటించావు. నాకా చదవడం రాదు. మీ అమ్మ కూడబలుక్కుని చదివేసరికి తెల్లారుతుంది. అంత చదువుకున్న డాక్టరు ఈ జుట్టు గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదా? చదువు. గట్టిగా చదువు, వింటాను."

ఆమె లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. రోజూ పాలు తీసేటప్పుడు చూసే కాగితమే. తన దస్తూరీయే.

"ఒకటి, ఈనడానికి వారం ముందు నుంచి తిండి పెంచాలి. రెండు, చలిగాలి తగలని మూల చూసి పక్క వెయ్యాలి. మూడు..."

ఆగిపోయింది.

"ఊఁ. మూడు?"

"మూడు, పొట్ట కింద, వెనక కాళ్ళ మధ్య జుట్టు ముందుగానే పొట్టిగా కత్తిరించాలి."

"చెప్పాడన్నమాట."

"చెప్పారు."

"దాని పక్కన ఎర్ర సిరాతో ఏదో ఉంది. అదేమిటి?"

ఆమె చదవలేకపోయింది. అక్షరాలు అలుక్కుపోయాయి. అమ్మ వచ్చి పక్కన నిలబడి కూడబలుక్కుంది. "కుక్కల... సెలూన్... ఖాళీ... లేదు. వచ్చే నెల... పద్నాలుగు."

పిడికెడు పాలు తాగే చప్పుడొక్కటే వినబడుతోంది.

"జుట్టు కత్తిరించడానికి," అన్నాడు నాన్న, ఒక్కో మాటా ఆచి తూచి. "జుట్టు కత్తిరించడానికి ఎవరో ఖాళీ అయ్యేదాకా నెల రోజులు ఎదురుచూశావు. పక్కగదిలో నేనున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ చెయ్యి. పురిటి వెంట్రుకలు తీశాను, జ్వరంతో మంచం పట్టినవాళ్ళ ఇంటికెళ్ళి తీశాను, ఒక్క గాటు పడనివ్వలేదు. ఒక్క మాట అడగలేకపోయావు."

"పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా," అంది అమ్మ.

"మందుకి కాదే, పేరుకి పనికిరాలేదు. నీ కూతురికి నా కత్తెర సిగ్గు. ఆ కత్తెరతోనే కదా దీని ఫీజులు..." అని మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. "పోనీలే. అది చెప్పుకునే మాట కాదు."

చెప్పుకోకుండా ఆపిన ఆ మాటే ఆమెని పడగొట్టింది. కాగితం పట్టుకుని అలాగే నేల మీద కూలబడి ఏడ్చింది. చిన్నప్పుడు షాపులో ఎత్తు పీట మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్న పిల్లే, మెడ మీద నాన్న నోటితో ఊదితే కితకితలకి నవ్విన పిల్లే ఏడ్చింది. నాన్న దగ్గరికి రాలేదు. ఊరుకోబెట్టలేదు. కోపం నిజమైతే అది అంత తొందరగా పోదు.

బెల్లు మోగింది.

* * *

హెడ్ మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యయ్యో! ఇదా ఉన్ని? ఫోటోల్లో ఎలా ఉండేది! ఏ సెలూన్‌లో ఇలా చేశారండీ?"

లెక్చరరమ్మ కళ్ళు తుడుచుకోలేదు. ఎర్రకళ్ళతోనే పక్కకి జరిగి చెయ్యి చూపించింది.

"మా నాన్నగారు మేడం. ముప్పై ఎనిమిదేళ్ళు కటింగ్ షాపు నడిపారు. వ్యాపారం అని నేనే మీకు సరిగ్గా చెప్పలేదు. ఈయన చెయ్యి పెట్టబట్టి ఇవాళ తల్లీ పిల్లా బతికాయి. తప్పు నాది. పైపైనే దువ్వాను."

నాన్న తల ఎత్తి కూతురి వంక చూశాడు. ఆ బొంతలాంటి జుట్టుముక్కని మేడం ముందు కూడా తిప్పి చూపించాడు.

"మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉండేదండీ, రోజూ దువ్వేదాన్ని," అంది మేడం, వేలితో ఆ అట్టని తాకి, గొంతు తగ్గించి. "చివర్లో దగ్గరికి రానిచ్చేది కాదు. ముసలిదైపోయి చిరాకు పడుతోందనుకున్నాం."

"పిల్ల పాలు మరిచాక ఇస్తాం," అన్నాడు నాన్న. "ఈలోపు రోజూ వచ్చి దువ్వడం నేర్చుకోండి. రాకపోతే ఇవ్వం."

"నాన్నా!" అంది ఆమె అలవాటుగా.

"ఏం, తప్పన్నానా?"

"లేదు."

మేడం వెళ్ళాక అమ్మ మళ్ళీ కాటా తీసింది. పిడికెడు పొట్ట గట్టిగా డోలులా ఉంది. నాలుగు వందల డెబ్బై ఐదు. అమ్మ అంకె గట్టిగా చదివింది, ఒకసారి కాదు, మూడుసార్లు.

నాన్న రేకుపెట్టెలోంచి సన్నపళ్ళ దువ్వెన తీసి కూతురికిచ్చాడు. ఉన్నికి చెవుల మీద మాత్రమే జుట్టు మిగిలింది. ఆమె దువ్వబోయింది.

"అలా కాదు. ముందు వేళ్ళు వెళ్ళాలి, తర్వాతే దువ్వెన. చర్మం తగిలిందా?"

"తగిలింది."

"అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

ఆమె మొదలుపెట్టింది. కన్నీళ్ళు కుక్క చెవి మీద పడుతున్నాయి. ఉన్ని చెవి విదిల్చింది.

"నాకింకా కోపం పోలేదు," అన్నాడు నాన్న.

"తెలుసు నాన్నా."

"తెలిస్తే చాలు. ఆ రెండో చెవి ఎత్తి పట్టుకో."