ట్రాక్టరు ముందు నడిచే కోడలు

పొద్దున్నే చద్దన్నం తిని నరసింగరావు మూతి తుడుచుకున్నాడో లేదో, కోడలు నీలవేణి గుండెల్లో గుబులు మొదలైంది. మామ తలకు తువ్వాలు చుట్టాడంటే ఇక ట్రాక్టరు ఎక్కుతాడన్నమాటే! జీడితోట చుట్టూ కొత్త కంచె వేస్తున్నారు. సిమెంటు స్తంభాలు, ముళ్లతీగ చుట్టలు, గునపాలు, పారలు అన్నీ ట్రాలీలోకి ఎక్కించి తోట చివరిదాకా చేర్చాలి. చేర్చేది ఆ చిన్న ట్రాక్టరు. తోలేది అరవై తొమ్మిదేళ్ల నరసింగరావు, ఊహ తెలిసినప్పటి నుంచి ఎడ్లబండి తప్ప మరో బండి ఎరగని మనిషి.

పది రోజుల కిందట ట్రాక్టరుకు ఓ మేకపిల్ల అడ్డమొచ్చింది. ఆయన బ్రేకు తొక్కలేదు. "హో... హో!" అని అరిచి, స్టీరింగును పగ్గంలా వెనక్కి లాగాడు. ఎద్దయితే ఆగుతుంది, ఇంజనుకు చెవులెక్కడివి? మేకపిల్లే తప్పుకుంది కాబట్టి సరిపోయింది. నీలవేణి చూసింది గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే భర్త గిరిబాబు తాళం లాక్కుంటాడు. ఎడ్లను అమ్మిన రోజు నుంచి ముద్ద సరిగా ముట్టని మామ, ఈ తాళం చేతికొచ్చాకే మళ్లీ నవ్వాడు. ఎలా చెబుతుంది? అందుకే దారిలో రాళ్లు ఏరే వంకతో రోజూ ట్రాక్టరు ముందు తానే నడుస్తోంది. ఎవరైనా అడ్డమొస్తే పక్కకు లాగెయ్యాలని ఆమె ఆరాటం.

"రోజూ రాళ్లేటే నీలా? తప్పుకో, నానెల్లాల!" అని ఆయన వెనక నుంచి కసిరేవాడు.

"నడుం వంగితే మంచిదంట మావా," అని నవ్వేసేది.

ఆ రోజు ఆదివారం. పలాసలో తాను పనిచేసే ఫ్యాక్టరీకి సెలవు కావడంతో గిరిబాబు తోట చివర గోతులు తవ్వుతున్నాడు. ఇంటి దగ్గర స్తంభాలు ఎక్కించడం అయ్యేసరికి పొయ్యి మీద పాలు మాడిన వాసన. నీలవేణి లోపలికి ఉరికి గిన్నె దించి వచ్చేసరికి వాకిట్లో ట్రాక్టరు లేదు.

అంతే, చెప్పులైనా వేసుకోకుండా అడ్డదారిన పరుగెత్తింది. మలుపులో అత్త ఈశ్వరి వంగి జీడిపిక్కలు ఏరుతోంది. ఆమెకు చెవుడు. "హో! హో!" అంటూ మామ గొంతు. నీలవేణి ఎలా చేరుకుందో ఆమెకే తెలియదు, అత్త జబ్బ పట్టి లాగేసింది. ఇద్దరూ ఇసకలో పడ్డారు. ట్రాక్టరు వెళ్లి జీడిచెట్టుకు గుద్దుకుని ఆగింది. ట్రాలీలోంచి రెండు స్తంభాలు జారిపడి విరిగాయి.

చప్పుడు విని గిరిబాబు పరుగెత్తుకొచ్చాడు. "బ్రేకు ఉన్నాది కదా నాన్నా! కాలికేటైనాది?"

"ఏటీ నేదురా. మీయమ్మే అడ్డమొచ్చినాది," అన్నాడు నరసింగరావు.

నీలవేణి ఇక ఆగలేకపోయింది. "అత్త తప్పు నేదు. నువ్వు బ్రేకు తొక్కనేదు మావా, హో అన్నావు. పది రోజుల కాడ్నుంచీ సూస్తన్నాను."

గిరిబాబు ఆమె మీదికి తిరిగాడు. "పది రోజులా? తెలిసీ నోరు మూసుకున్నావా? మాయమ్మ సచ్చిపోతే అప్పుడు సెప్పుదువా?"

"తప్పే బావా. మావ ముకం సూసి సెప్పలేకపోనాను," అంటూ నీలవేణి భోరుమంది.

మాటలు వినపడకపోయినా కొడుకు వాలకం చూసి ఈశ్వరి ఇసక దులుపుకుంటూ లేచింది. "ఒరే, దానిమీద అరుస్తావేటిరా? నన్ను లాగినదెవులు?"

నరసింగరావు తాళం తీసి కిందికి దిగాడు. గిరిబాబు చెయ్యి చాపాడు. ఆయన ఇవ్వలేదు.

"నాకూ తెలుసురా. కాలు బ్రేకుమీదకి ఎల్లకముందే నోటికి హో వచ్చేస్తాది. ఎవులూ సూడనేదనుకున్నాను." తాళం తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. "స్కూటీ తోలతావు కదా? ఇదీ తోలు. ఇసక ఎక్కడ దిగబడతాదో నాను ముందు నడిసి సూపిస్తాను."

"నాకు బయం మావా! నువ్వు ముందుంటే నాకింకా బయం!"

"నాకు నేదు. ఎక్కు."

గిరిబాబు బండిని చెట్టు దగ్గర నుంచి వెనక్కి తీసి, ఆమెకు గేరు, బ్రేకు చూపించాడు. ట్రాక్టరు మెల్లగా కదిలింది. నరసింగరావు కుడికి, ఎడమకి చెయ్యి చూపిస్తూ ముందు నడిచాడు. ఇంజను దగ్గరైన ప్రతిసారీ ఆయన భుజాలు బిగుసుకోవడం నీలవేణికి కనిపిస్తూనే ఉంది. కంచె దగ్గర ఆయన చెయ్యెత్తాడు. ఆమె ప్రాణమంతా కాల్లో పెట్టి తొక్కింది. బండి ఆయనకు రెండు మూరల దూరంలో ఆగింది.

ఆయన వెనక్కి తిరిగేసరికి కళ్లనిండా నీళ్లు.

"బండి ఈపుమీదకి వచ్చేసినట్టే ఉంటాది," అన్నాడు. "రాళ్లు ఏరతన్నావనుకున్నాను. పది రోజులూ ఇలగే నడిసినావా తల్లీ?"

నీలవేణి బ్రేకు మీద కాలు అలాగే బిగబట్టి ఏడుస్తోంది. నరసింగరావు దగ్గరికొచ్చి, తానే తాళం తిప్పి ఇంజను ఆపాడు.

"ఆగిపోనాదమ్మా," అన్నాడు. "ఇంక కాలు తియ్యి."