మంగకాయల కబురు

గురుబారి గెడ్డ ఒడ్డున కూర్చుని గడ్డితో కుండ తోముతోంది. గెడ్డ అంటే కొండవాగు. చేతులు కుండ మీద ఉన్నాయి గానీ చూపంతా మడుగు మీదే ఉంది. రాళ్ళ సందుల్లో చేపలు తోకలాడిస్తున్నాయి.

ఆ కొండల మీదికి ఇంకా రైలు రాని రోజులవి. ఉప్పు కోసం అయ్య సాలూరు సంతకు నడిచి వెళ్ళాడు. ఇవాళ తిరిగి వస్తాడు. అయ్యకు తానే చేపల కూర వడ్డించాలని గురుబారి కోరిక.

గురుబారి ఊళ్ళో మంగకాయలు దంచి మడుగులో కలుపుతారు. చేపలు మత్తెక్కి తేలుతాయి. అయితే ముందుగా దిగువ ఊరికి కబురు పంపాలి. వాళ్ళు నీళ్ళు నింపుకుంటారు, పశువులను కట్టేస్తారు. ఆ తర్వాత బుట్టలతో వచ్చి చేపల్లో వాటా తీసుకుంటారు.

ఆ వాటా ఇవ్వడమే గురుబారికి ఇష్టం లేదు. అటక మీది కాయలు తెచ్చి, దంచి, కబురు పంపకుండా ఒక్కతే మడుగులో కలిపేసింది.

చేపలు తేలాయి. కానీ చాలామటుకు కొట్టుకుపోయాయి. బుట్టలో ఏడే మిగిలాయి.

మధ్యాహ్నం దిగువ ఊరి తవిటమ్మ ఖాళీ కుండతో గురుబారి ఇంటికి వచ్చింది.

"సోంబారీ, గెడ్డలో కాయ ఎవలు కలిపినారే?"

"కబురు నేకుండా ఎవలు కలుపుతారప్పా?" అంది గురుబారి తల్లి సోంబారి.

"ఎవలో కలిపినారు. సేపలు తేలి వచ్చినా, కబురు రానేదని ఒక్కటీ ముట్టనేదు మేం. నా మనవడు బుధు అప్పటికే ఆ నీల్లు తాగేసినాడు. తాగినకాడి నుంచి కక్కుతున్నాడు."

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. తవిటమ్మ అటు చూసింది.

"ఆ సేపలేటి?"

"గేలం ఏసినాను" అంది గురుబారి.

"ఒక్క పూటలో గేలానికి ఇన్ని సేపలా, గుంటా?"

గురుబారి తల దించుకుంది. సోంబారి కొండ ఊట నుంచి తెచ్చిన నీళ్ళు తవిటమ్మ కుండలో పోసింది.

"బేగి ఎల్లి బుధుకి పట్టప్పా."

"మా పన్నెండు గడపలకి ఒక్క కుండ ఏ మూలకే?" అంటూనే తవిటమ్మ వెళ్ళిపోయింది.

సోంబారి అటక మీది కాయల బుట్ట దించింది. అందులో ఒక్క కాయ కూడా లేదు.

"పారే నీరే కదా అనుకున్నానమ్మా" అంది గురుబారి.

"పారే నీరే. పారి ఎక్కడికెల్తాదే?"

గురుబారి కూర దించి మూత పెట్టింది.

"అయ్య వచ్చే యాలయింది. వడ్డిద్దువు గానీ, కూకో" అంది తల్లి.

గురుబారి పొద్దున తోమిన కుండ తీసింది. మిగిలిన ఊట నీళ్ళు అందులో నింపింది. తలమీద గుడ్డచుట్ట పెట్టుకుని కుండ ఎత్తుకుంది. గుమ్మం దాటి, దిగువ ఊరి దారి పట్టింది.