సన్నాయి మీట పక్క మీట

"అది సన్నాయా, తప్పిపోయిన మేకనా?"

ఆళ్లగడ్డ కల్యాణమండపంలో కీబోర్డు సరిచూసుకుంటున్న జయప్రకాష్ తలెత్తాడు. ఎత్తిన తల వెంటనే దించుకున్నాడు. ఎదుట నిలిచినది మండపం ఎదురింటి శనగల వ్యాపారి సుబ్బయ్య కూతురు హర్షిణి. జడ మీద వానచినుకులు, చూపులో వడగాలి.

"సన్నాయే. మేళగాళ్లు దొరకలేదని నన్ను నంద్యాల నుంచి పిలిపించినారు."

"సన్నాయి అట్ల తటాలున స్వరం మీదికి దూకదప్పా. కింద నుంచి జారుకుంటా పైకి పోతాది."

"దానికి పిచ్ ఎన్వలప్ పెట్టాల," అన్నాడతను. మీట నొక్కగానే స్వరం ఎంత కింద మొదలవాలో, ఎంతసేపట్లో ఎక్కాలో, చివర ఎలా దిగాలో అందులోనే అమర్చుకోవచ్చునని వివరించాడు. వివరిస్తున్నంతసేపు ధైర్యం వెంట ఉంది. వివరణ ముగియగానే విడిచిపోయింది.

"అయితే పెట్టు. ఊరికే చెప్తాండావేంది?" అని ఆమె వెళ్లిపోయింది.

కాసేపటికి ఎదురింటి మేడ మీద నుంచి ఒక పిలుపు లేచింది. "నాయనోయ్... బువ్వకు బేగా రా!" అడుగున మొదలై, నిట్టనిలువుగా ఎగసి, కొసన గింగిరాలు తిరుగుతూ దిగిన పిలుపు. "వస్తాండా తల్లీ!" అని సుబ్బయ్య తక్కెడ వదిలి లేచాడు. హమాలీలు లేచారు, పక్కకొట్టు దర్జీ లేచాడు. ఆ వీధికి మధ్యాహ్న భోజనవేళను చాటేది ఆ గొంతే. జయప్రకాష్ కూడా లేచాడు. ఎవరింటికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

ఆ రాత్రి నుంచే అతని ఇంట్లో సాధన మొదలైంది. సన్నాయిని సాధించాడు, దాని పక్క మీటలో ఆమె పిలుపునూ సాధించాడు. ఆళ్లగడ్డలో పెళ్లి ఉన్నప్పుడల్లా బస్సులో కీబోర్డును ఒళ్లో పెట్టుకుని వచ్చేవాడు. ఆమె వచ్చి వెక్కిరించేది. అతడు స్వరం సవరించేవాడు. మనసులో మాట మాత్రం మనసులోనే మిగిలేది.

ఒకనాడు ఆమే అడిగింది. "మా చిన్నాయన కూతురి పెండ్లికి నువ్వే వాయించాల. ఆ పొద్దే నన్ను చూసేకి కోయిలకుంట్లోళ్లు వస్తాండారు. నాతో చెప్పేదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు."

అతడు కీబోర్డు మీదికి వంగాడు. "సన్నాయికి... ఎక్కే టైం కొంచెం తగ్గించినా."

"శానా సంతోషం!" అంటూ ఆమె విసురుగా వెళ్లింది.

పెళ్లినాడు పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యెత్తాడు. జయప్రకాష్ చూపు మొదటి వరుస మీద ఉంది. అక్కడ సుబ్బయ్య పక్కన, కోయిలకుంట్ల సంబంధపు అబ్బాయి తల్లి ప్రమీలమ్మ హర్షిణిని తేరిపార చూస్తోంది. చెమట పట్టిన వేలు సన్నాయిని దాటి, పక్క మీటను నొక్కింది.

మండపమంతా ఆ పిలుపు మోగింది.

"వస్తాండా తల్లీ!" సుబ్బయ్య లేచాడు. హమాలీలు లేచారు. దర్జీ లేచాడు. వాళ్లను చూసి, వడ్డన మొదలైందనుకుని సభంతా లేచి భోజనశాలకు పరుగెత్తింది. తాళి పట్టుకున్న పెళ్లికొడుకు కూడా సగం లేచాడు.

"కట్టి పో!" పెళ్లికూతురు పంచె పట్టి లాగింది.

అక్షింతలు చల్లేవారు లేక పురోహితుడే అటు వైపూ ఇటు వైపూ తిరిగి చల్లాడు.

ప్రమీలమ్మ నిబ్బరంగా గారె తిని, ఆ పిలుపు ఎవరిదో పక్కవాళ్లను అడిగి తెలుసుకుని, చెయ్యి కడుక్కుని, తీర్పు చెప్పింది. "ఆ పిల్ల మాదిరి పెట్టె అరిస్తేనే ఇంతమంది లేచినారు. ఆ పిల్లే మా ఇంట్లో అరిస్తే, లేచినోళ్లకంతా వండేదెవరు?" అంటూ కారెక్కింది.

సుబ్బయ్య కీబోర్డు దగ్గరకు వచ్చాడు. "ఏందప్పా ఇది? మా పాప గొంతు నీ పెట్టెలోకి యాడనుంచి వచ్చె?"

"పిచ్ ఎన్వలప్ సార్. ఐదు స్వరాలు కింద మొదలుపెట్టి..."

"ఎట్ల పెట్టినావని కాదు. ఎందుకు పెట్టినావ్?"

బయట వాన రేకుల మీద తాళం వేస్తోంది. ఇక దాక్కోవడానికి ఒక్క సాంకేతికపదమూ మిగల్లేదు. "నంద్యాలకు పోయినాక గూడా వినాలనిపిస్తాది సార్. రోజూ. బతికినన్నాళ్లూ."

"పెట్టెలో అయితే సౌండు తగ్గించుకోవచ్చు. ఇంట్లో అయితే ఏం చేస్తావ్?"

"నాయనా!" హర్షిణి గద్దించింది. ఇద్దరూ ఒకేసారి "ఆఁ!" అన్నారు.

ఆమె నవ్వు ఆపుకుని కీబోర్డు ముందు నిలిచింది. "కొస తప్పు పెట్టినావు. ఇది మా నాయనను పిలిచేది. నిన్ను పిలిస్తే ఇట్ల దిగదు."

అతడు స్వరం సవరించే నాబ్‌ను కొద్దిగా తిప్పి మీట నొక్కింది. స్వరం అడుగున మొదలై, మెల్లగా ఎక్కి, పైనే నిలిచింది. దిగలేదు. వాన సద్దుమణిగినా దిగలేదు.

మార్పును భద్రపరచాలా, వద్దా అని తెర మీద ప్రశ్న వెలిగింది. జయప్రకాష్ వేలు గాలిలో ఆగింది. అతడు భయంభయంగా సుబ్బయ్య వైపు చూశాడు.

"నన్ను చూస్తావేందప్పా?" అన్నాడు సుబ్బయ్య. "నొక్కు."