బోల్టు మీద ఎర్ర చుక్క

"నా గోళ్లరంగు సీసా మళ్లీ మాయమైంది. దానికేమైనా కాళ్లొచ్చాయా?" అంటూ ఇల్లాలు పొద్దున్నే సొరుగులన్నీ లాగి చూస్తోంది. మేస్త్రి పేపరు ఇంకాస్త పైకెత్తి ముఖం దాచుకున్నాడు. నలభై ఏళ్లు కార్ల కింద పడుకుని పనిచేసిన మనిషి. షెడ్డు మూసేసి మూడేళ్లయినా వీధిలో అందరికీ ఇంకా మేస్త్రే.

"నాన్నా, పద. ఇవాళ తేల్చుకునే రావాలి," అంది కూతురు గుమ్మంలోంచి.

ఆమె నర్సు. మంచాన పడ్డవాళ్లను ఇంటింటికీ వెళ్లి చూసుకుంటుంది. కారుంటేనే ఆ ఉద్యోగం. కారు కొని రెండేళ్లే అయింది. కిందటి వారం ఒక మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోయి, గోడకు జానెడు దూరంలో ఆగింది. అప్పట్నుంచి షోరూమ్‌లోనే పడి ఉంది. సోమవారానికి కారు రాకపోతే ఆమె పని ఇంకొకరికి ఇస్తామని ఆఫీసువాళ్లు చెప్పేశారు. వారంటీ ఇంకో ఏడాది ఉన్నా షోరూమ్‌వాళ్లు ఆమెను రెండుసార్లు తిప్పి పంపారు. ఎందుకు తిప్పుతున్నారో ఆమెకు అంతుబట్టలేదు. మేస్త్రికి మాత్రం తెలుసు. బస్సులో దారంతా ఆయన కుక్కిన పేనులా కూర్చున్నాడు.

షోరూమ్‌లో మేనేజరు సర్వీసు పుస్తకం తెరిచి వాళ్ల ముందుకు తోశాడు. "చూడండి మేడమ్. మొదటి సర్వీసుకు మా స్టాంపు ఉంది. తర్వాత రెండింటికీ లేదు. బండి బయట విప్పించారు. ఇంక మేమేం చేస్తాం?"

"స్టాంపు వేయడం మీరు మరిచిపోయి మా మీదికి నెడితే ఎలా? రెండుసార్లూ మా నాన్నే తీసుకొచ్చి చేయించారు. ఆయన ఇంతవరకు నాతో అబద్ధమాడలేదు."

ఆ మాట మేస్త్రికి ముల్లులా దిగింది. రెండుసార్లూ ఆయన ఈ గేటు దాకా వచ్చినమాట నిజమే. కూతురి బండి వేరేవాళ్ల చేతిలో పెట్టడానికి మనసొప్పక వెనక్కి తిప్పేశాడు. పాత స్నేహితుడి షెడ్డులో తనే ఆయిలు మార్చి, ఫిల్టరు వేసి, తుడిచి తెచ్చాడు. ఇంటికొచ్చాక షోరూమ్‌లో చేయించానని చెప్పాడు.

"నేనే చేశానమ్మా," అన్నాడు.

కూతురు తండ్రి వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. నాలుగు తిట్టినా ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు.

"అంటే ఒప్పుకున్నట్టేగా. ఇక వారంటీ లేదు," అన్నాడు మేనేజరు పుస్తకం మూసేస్తూ.

"ఉండండి సార్. తప్పు నాది, దాని ఉద్యోగానిది కాదు. బండి ఒక్కసారి పైకెత్తించండి."

లిఫ్టు మీద బండి లేచింది. మేస్త్రి టార్చి పట్టుకుని కిందికి వెళ్లాడు. ఆయిలు బోల్టు మీద ఎర్ర చుక్క. ఫిల్టరు అంచున ఇంకొకటి. కూతురు ఆ రంగును గుర్తుపట్టింది. పొద్దున్న వాళ్లమ్మ వెతికిన రంగు అదే.

"బిగించిన ప్రతిచోటా చుక్క పెట్టడం నాకు మొదట్నుంచీ అలవాటు. బోల్టు కదిలితే చుక్క విరుగుతుంది. ఇప్పుడు స్టీరింగ్ మోటారు చూడండి. చుక్క ఉందా? కంపెనీ సీలు చిరిగిందా?"

మేనేజరు మెడ వంచి చాలాసేపు చూశాడు. చుక్క లేదు, సీలు చెక్కుచెదరలేదు. "ఏమేం మార్చారో రాసి సంతకం పెట్టండి," అన్నాడు చివరికి. "స్టీరింగ్ వారంటీలోనే మారుస్తాం, శనివారానికి ఇస్తాం. ఇంజన్‌కు మాత్రం ఇక మా పూచీ లేదు."

మేస్త్రి రాసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చి ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు.

"బండి గోడ మీదికి వెళ్తున్నప్పుడు నేను ఎవర్ని తలుచుకున్నానో తెలుసా నాన్నా? నిన్నే. నువ్వేమో నాతోనే దాచావు."

"నువ్వు విశ్రాంతి తీసుకోమన్నావు. ఇంక నా చేతులతో ఎవరికీ పనిలేదనుకున్నాను తల్లీ. చెబితే వద్దంటావని భయపడ్డాను."

ఆమె ఆగిపోయింది. విశ్రాంతి అన్న మాట ఆయనకు అలా వినిపించి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. కళ్లు తుడుచుకుని పక్కనున్న కొట్లోకి వెళ్లింది.

ఇంటికి రాగానే తల్లి చేతిలో రెండు ఎర్రరంగు సీసాలు పెట్టింది.

"రెండెందుకే?"

"ఒకటి నీది. రెండోది నాన్న సామాను పెట్టెలో పెట్టు. వచ్చే సర్వీసు ఆయనే చేస్తారు. నేను పక్కన నిలబడి టార్చి పడతాను."

మేస్త్రి పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉందని భార్య చూసి, నవ్వుకుంటూ ఒక సీసాను ఆయన సామాను పెట్టెలో పెట్టింది.