హనుమయ్య గదిలో వినబడే గొంతు

మల్లేశు ఊరి నుంచి తెచ్చుకున్నవి ఆరువేల రెండువందలు. రిపేరు పనికి కావలసిన మీటరుకీ సోల్డరింగ్ ఐరన్‌కీ ఐదువేలు పోయాయి. మిగిలిన దానికి కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే యార్డు వెనక దొరికింది ఒకే గది — హనుమయ్య గది. పక్క గదుల అద్దె నెలకి రెండువేల ఎనిమిదివందలైతే ఇది తొమ్మిదివందలే.

ఎందుకంటే ఆ గదిలో హనుమయ్య మాట్లాడతాడంటారు. చనిపోయి నాలుగేళ్లు. బతికున్నప్పుడు అక్కడే రేడియోలు బాగుచేసేవాడు. ఆ గొంతు విని ఇద్దరు అద్దెవాళ్లు చెప్పులు కూడా వదిలేసి పారిపోయారట.

ఆ రాత్రి మల్లేశు ముందు ఒక బెంగాలీ ఆయన ఇచ్చిన ప్రీ-యాంప్లిఫయరు ఉంది, సీడీనీ ఎఫ్‌ఎం రేడియోనీ ఒకే స్పీకరుకి కలిపే పెట్టె. పొద్దున్నే ఇచ్చెయ్యాలి. సీడీ నుంచి రెండు వోల్టులొస్తున్నాయి, ఎఫ్‌ఎం నుంచి నాలుగువందల మిల్లీవోల్టులు. రెండింటినీ రెండువందల యాభైకి దించాలి. లేకపోతే ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చగానే పాట మీదపడి అరుస్తుంది.

స్క్రూ తిప్పితే సీడీ ఎనిమిదో వంతుకు దిగింది. ఎఫ్‌ఎం స్క్రూ మీద చెయ్యి వేశాడు...

"ఒకటి..."

చెయ్యి ఆగిపోయింది.

"రెండు... ఇనబడతందేటి?"

ముసలి గొంతు. వెనక చిన్న దగ్గు.

వాల్యూము సున్నాకి తిప్పాడు. గొంతు తగ్గలేదు. ప్లగ్గు పీకేశాడు.

"ఇనబడతందేటి?"

కాళ్లు తలుపువైపు లాగాయి. బయటికి పరుగెత్తితే మళ్లీ ఈ అద్దెకి ఇంకో గది దొరకదు. ఊరెళ్లిపోవడమే. పెట్టెకి తగిలించిన మీటరు వైపు చూశాడు. ముల్లు సున్నా మీద ఉంది.

అంటే ఈ గొంతు పెట్టెలోంచి రావడం లేదు.

వెనక గోడకి అరచెయ్యి ఆనించాడు. గోడ... అదురుతోంది.

స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్లాడు. ఓరగా వేసిన తలుపు. లోపల లైటు. చెక్కపెట్టె ముందు ముసలమ్మ ఒక్కతే — హనుమయ్య పెళ్లాం అప్పలకొండమ్మ.

"ఎవుల్రా?"

"నేనే మామ్మా, గోడవతల గదిలో ఉంటాను. ఆ గొంతు..."

"మీ తాతదే. పడుకునేముందు ఓపాలి ఇంటాను." పెట్టె తట్టింది. "ఇది ఆయన సేత్తో కట్టిందే. రేడియో సక్కంగా పాడతాది. టేపుకి మారిస్తే అరిసేత్తాది. ఆ టేపు సరిజేద్దామనే ఒకటి, రెండు అంటూ గొంతు ఎక్కించుకున్నాడు. తెల్లారేసరికి లేడు."

"వాల్యూము తగ్గించుకుని వినొచ్చు కదా?"

"ఆయనెట్టింది కదిపితే మళ్లీ రాడేమోనని బయిం." మెల్లగా అంది, "అరిసే మనిసి కాడు బావూ."

మల్లేశు పెట్టె వెనక్కి వంగి చూశాడు. రెండు స్క్రూలు. రేడియో స్క్రూ మీద తిప్పిన గీతలున్నాయి. టేపు స్క్రూని ఎవరూ ముట్టుకోలేదు.

అది సరిచేస్తే ఈ గొంతు గోడ దాటదు. దెయ్యం పోతుంది, తొమ్మిదివందల అద్దె రెండువేల ఎనిమిదివందలవుతుంది. ఆ లెక్క అప్పుడే అయిపోయింది మల్లేశుకి.

"మీటరు తెస్తాను మామ్మా. తాత ఎంత గొంతుతో మాట్లాడేవాడు?"

"నా సెవికి సరిపడా."

మీటరు కోసం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు మొన టేపు స్క్రూ గాడిలో ఆనించాడు.

"టేపు పెట్టు. ఎక్కడ ఆపాలో నువ్వే చెప్పు."